కండెలు, అట్టపెట్టెలు, ఒక పాత ఫుట్‌బాల్

(మన ట్రస్టు విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. 1981 నుండి 2019 వరకు ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చొని అదే చెప్పాను. విన్నవాళ్ళు విన్నారు, విననివాళ్ళు చిట్టీలు వేశారు. అందుకని ఈరోజు ఆ విషయం వదిలేసి, గత నాలుగేళ్ళుగా ఆదివారాలు మన హాలు వెనక గదిలో పిల్లలతో కలిసి నేను చేస్తున్న పని గురించి చెబుతాను. పారేసే అట్టలు, దారాలు, మట్టి, సీసాలతో భూగోళశాస్త్రం పాఠాలకు కావలసిన సామాను తయారు చేసుకోవడం ఆ పని. నేను చదివింది బి.కాం. భూగోళం పదో తరగతితోనే వదిలేశాను. కాబట్టి తప్పులుంటే ఇక్కడున్న టీచర్లు దిద్దాలని ముందే మనవి చేస్తున్నాను.

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలంటే 1998లో జరిగిన ఒక విషయం చెప్పాలి. ఇది చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

మా అబ్బాయి అప్పుడు ఎనిమిదో తరగతి. బడిలో ప్రదర్శన పెట్టి ప్రతి పిల్లవాడూ ఒక మోడల్ తేవాలన్నారు. నాకా బ్యాంకులో క్లోజింగ్ పని, ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. బజారుకు పోయి 350 రూపాయలు పెట్టి థర్మోకోల్‌తో చేసిన అగ్నిపర్వతం కొనుక్కొచ్చాను. బల్బు వెలిగితే నోట్లోంచి ఎర్రగా కనబడుతుంది. దానికి మొదటి బహుమతి వచ్చింది. మా ఆవిడ ఇరుగుపొరుగుకు పేడాలు పంచింది.

అదే తరగతిలో మా గల్లీ పిల్లవాడు ఒకడుండేవాడు. తండ్రి రాత్రి పాళీ సాంచాల మీద పని. ఆ పిల్లవాడు ఒక గోనెసంచి పరిచి, దాని మీద భివండి నుండి సిరిసిల్ల దాకా దారి దారంతో కుట్టుకొని వచ్చాడు. ఇటువైపు కొండలకు కాగితపు కోన్లు నిలబెట్టాడు. మధ్యలో నల్లమట్టి, అటు చివర ఎర్రమట్టి జిగురుతో అంటించాడు. మన బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో అక్కడ గుండీలు కుట్టాడు. మట్టి రాలుతోందని, బల్లగుడ్డ ఖరాబవుతుందని దాన్ని బల్ల కింద పెట్టించారు. తల్లిదండ్రుల తరఫున నేను అక్కడే నిలబడి ఉన్నాను. చూశాను, ఏమీ అనలేదు. కొడుక్కు బహుమతి వచ్చిన సంతోషంలో ఉన్నాను మరి. ఆ తరువాత ఏడాది ఆ పిల్లవాడు బడి మానేశాడు. దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు, ఇంట్లో గడవకపోవడం అందులో ఒకటి. కానీ ఆ గోనెసంచి చుట్ట చుట్టి చంకలో పెట్టుకొని ఆ పిల్లవాడు ఇంటికి పోవడం మాత్రం నేను మరచిపోలేదు.

2003 గోదావరి పుష్కరాలకు కుటుంబమంతా త్ర్యంబకేశ్వరం పోయాం. అక్కడ మా అబ్బాయి, అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్ళు, నన్నొక ప్రశ్న అడిగాడు. "నాన్నా, ఇక్కడి నుండి అరేబియా సముద్రం ఇంత దగ్గర కదా, మరి గోదావరి ఇటు దిగకుండా అంత దూరం రాజమండ్రికి ఎందుకు పోయింది?" నాకు జవాబు తెలియలేదు. భూగోళంలో మొదటి బహుమతి తెచ్చిన పిల్లవాడికీ తెలియలేదు, ఆ బహుమతి కొన్న తండ్రికీ తెలియలేదు. త్ర్యంబకం నుండి సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. గోదావరి మాత్రం 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన సిరిసిల్ల పక్క మానేరు కలిసేది కూడా అందులోనే. అంటే మనం బతుకుతెరువు కోసం వచ్చిన ఈ వైపు కొండల్లో పడిన వాన మన సొంత జిల్లాలకు పోతోంది, మనమేమో అక్కడి నుండి ఇక్కడికి వచ్చాం. ఇంత దగ్గరి సంగతి తెలియకుండా నలభై ఏళ్ళు దాటిపోయాయి నాకు.

రిటైరయ్యాక తీరిక దొరికింది. మొదట చేసింది గోదావరి మోడలే. కాబట్టి దాని గురించే కొంచెం వివరంగా చెబుతాను.

మన ఊళ్ళో అట్టపెట్టెలకు కరువు లేదు. చుట్టూ గోదాములే. ఐదు పొరల అట్ట సుమారు అర సెంటీమీటరు మందం ఉంటుంది. అడ్డంగా ఒక సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు, నిలువుగా ఒక సెంటీమీటరుకు 100 మీటర్లు అని లెక్క పెట్టుకున్నాం. అంటే ఒక్కొక్క అట్ట పొర 50 మీటర్ల ఎత్తు. ముంబయి తీరం నుండి గోదావరి ముఖద్వారం దాకా మీటరు కంటే కాస్త తక్కువ పొడవు వచ్చింది. నిలువు కొలత అడ్డం కొలత కంటే వంద రెట్లు పెంచామన్న సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే సహ్యాద్రి కొండలు గోడలాగా నిటారుగా ఉంటాయనుకుంటారు. ఒక పిల్లవాడు "తాతా, ఇది దొంగ లెక్క గదా" అన్నాడు. దొంగ లెక్కే, కానీ చెప్పి చేసే దొంగ లెక్క. బ్యాంకులో అయితే ఒప్పుకోరు, పటాల్లో ఒప్పుకుంటారు.

పేర్చుకుంటూ పోయాం. తీరం దగ్గర ఏమీ లేదు, ఉత్త అట్ట. ఎనిమిది సెంటీమీటర్లు పోయేసరికి ఇరవై పొరలు, అంటే వెయ్యి మీటర్లు. అక్కడి నుండి తూర్పుకు నాసిక్ దగ్గర సుమారు పన్నెండు పొరలు. నాందేడ్ వచ్చేసరికి ఏడు. ఇట్లా కొంచెం కొంచెంగా తగ్గుతూ రాజమండ్రి దగ్గర ఒక పొర కూడా మిగలలేదు. పైన తడవకుండా పాత ప్లాస్టిక్ సంచి కప్పి, మందుల సీసాలోని డ్రాపర్‌తో శిఖరం మీద నీళ్ళు వేయించాను. చుక్క ఒక వెంట్రుకవాసి అటు పడితే తూర్పుకు మెల్లగా పారింది, ఇటు పడితే జారి నేల మీద పడింది. మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు అదే. దక్కన్ పీఠభూమి ఒక పక్కకు వంచిన పళ్ళెం లాంటిది, ఎత్తు అంచు మన వైపుంది. అంచు దాటి ఒక్క అడుగు అవతల పుట్టిన నది ఇటు రాలేదు. ఇటు జారిన చుక్క కూడా వృథా పోలేదు, దాని పేరు వైతరణ. అదీ త్ర్యంబకం కొండల్లోనే పుట్టి పడమటికి దిగుతుంది. ముంబయికి నీళ్ళిచ్చే మోడక్ సాగర్ దాని మీదే ఉంది. ఒకే కొండ మీద పడిన వాన సగం ముంబయి కొళాయిలోకి, సగం మన ధర్మపురి రేవుకు.

ఊరికి రైల్లో పోయే పిల్లలకు ఇంకొక మాట చెప్పాను. కసారా స్టేషన్లో బండికి అదనంగా ఇంజన్లు తగిలిస్తారు, ఎందుకో చూడండి అని. కసారా నుండి ఇగత్‌పురి దాకా 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలి. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో పోతే ఆ ఘాటు ఎక్కి, మన్మాడ్, శంభాజీనగర్, నాందేడ్ మీదుగా పోయి, బాసర దగ్గర గోదావరి మీద వంతెన దాటుతాం. వంతెన రాగానే మన ఆడవాళ్ళు కిటికీలోంచి నాణేలు వేసి దండం పెడతారు. రాత్రి నిద్రలో పోయిన ఘాటుకూ, పొద్దున దండం పెట్టిన నదికీ ఉన్న సంబంధం ఈ అట్టల మీద చూశాక పిల్లలకు తెలిసింది. తల్లులకు కూడా.

అదే మోడల్‌తో వాన పాఠం కూడా అయింది. పడమటి వైపు నుండి మేఘాలకు బదులు తడిపిన దూది కొండకు ఆనించి పిండితే నీళ్ళన్నీ మన వైపే కారతాయి, అవతల వైపుకు పోయేసరికి దూదిలో నీరుండదు. వర్షచ్ఛాయ అని పుస్తకంలో ఉండేది ఇదే. మన జిల్లాలో ఏడాదికి 2500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురుస్తుంది, మన కరీంనగర్ వైపు 900 చిల్లర. అక్కడ చెరువులు తవ్వుకొని చుక్క చుక్క ఎందుకు దాచుకున్నారో, ఇక్కడ జూలైలో మన కార్ఖానాల్లోకి నీళ్ళెందుకు వస్తాయో, రెండూ ఒకే దూది ముక్కతో చెప్పవచ్చు.

వానమాపకం అందరూ ఇంట్లో చేసుకోవచ్చు. రెండు లీటర్ల శీతల పానీయం సీసాలో పక్కలు నిటారుగా ఉన్నది తీసుకోండి. మెడ కింద కోసి, ఆ ముక్కను తలకిందులుగా గరాటులాగా పెట్టండి. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి నాలుగు గులకరాళ్ళు వేసి, నిటారు భాగం మొదలయ్యే దాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత గీయండి. ఈ సున్నా గీత గీయకుండానే కొలిచి మొదటి నెలంతా మేము తప్పు లెక్క రాసుకున్నాం. తరువాత పుస్తకమంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాం. గరాటు మూతి వెడల్పు, సీసా వెడల్పు ఒకటే కాబట్టి స్కేలు మీద ఒక మిల్లీమీటరు అంటే వాన కూడా ఒక మిల్లీమీటరే. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. కల్యాణ్, ఉల్హాస్ ఒడ్డు ఊళ్ళు ఎట్లా మునిగాయో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఈ సంఖ్య పిల్లలకు అంకెగా చెబితే ఎక్కదు. మూడు సీసాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించి, "ఇది మన ఊళ్ళో తాతయ్యకు ఏడాదంతా పడే వాన, అక్కడ ఒక్క రోజులో పడింది" అంటే నోరు తెరిచారు.

ఇక గ్లోబు. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని ఒక పథకం పెట్టి ప్రాథమిక పాఠశాలలకు ఇవ్వాల్సిన సామానులో పటాలు, గ్లోబు కూడా చేర్చింది. మంచి పథకమే. కానీ నేను చూసిన ఒక బడిలో గ్లోబు బీరువాలో ఉండేది, బీరువా తాళం హెడ్‌మాస్టరు గారి జేబులో ఉండేది. పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయం. మనం చేసుకున్నది పగిలితే మళ్ళీ చేసుకుంటాం.

బెలూను మీద కాగితం అతికించి చేయమని చాలా చోట్ల రాస్తారు. మేము చేస్తే అది వంకాయలాగా వచ్చింది. అప్పుడు పాత ఫుట్‌బాల్ తీసుకున్నాం. పెద్ద సైజు బంతి చుట్టుకొలత సుమారు 69 సెంటీమీటర్లు. దాని మీద అర సెంటీమీటరు మందం కాగితపు గుజ్జు పూస్తే చుట్టుకొలత 72 అవుతుంది. ఈ 72 నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. 360 డిగ్రీలను 72తో భాగిస్తే 5. అంటే ఒక సెంటీమీటరు ఐదు డిగ్రీలు, రెండు మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. దారం, స్కేలు ఉంటే చాలు, అక్షాంశాలు రేఖాంశాలు గీసేయవచ్చు.

గుజ్జు సంగతి. మొదట మైదా జిగురు వాడాం. వారం తిరిగేసరికి బొద్దింకలు దక్షిణ అమెరికాను తినేశాయి. మా అమ్మ ఊళ్ళో పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, వెదురు చేటలకు, గంపలకు పూసేది. పురుగు పట్టేది కాదు. ఆ సంగతి గుర్తొచ్చి మెంతులు కలిపాం, ఇప్పటి దాకా ఏ ఖండానికీ ఏమీ కాలేదు. కొండలు ఉబ్బెత్తుగా రావాలంటే చింతగింజల పొడి ఉడికించి రంపపు పొట్టుతో కలిపిన ముద్ద బాగుంటుంది. మన చేర్యాల కళాకారులు కొబ్బరి చిప్పల మీద మాస్కులు చేసేది ఈ ముద్దతోనే. సైజింగ్ పని తెలిసినవాళ్ళకు చింతగింజల గంజి కొత్త కాదు. ఇట్లాంటివి తెలిసిన ఆడవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు, కానీ "మాకు చదువు రాదు" అని గుమ్మం బయటే కూర్చుంటారు.

ఒక్క హెచ్చరిక. గ్లోబు మీద హిమాలయాలు ఉబ్బెత్తుగా పెట్టకండి. మన 72 సెంటీమీటర్ల గ్లోబు మీద ఎవరెస్టు ఎత్తు లెక్క ప్రకారం ఒక మిల్లీమీటరులో ఆరో వంతు. సన్న దారం మందం. భూమి ఎంత నున్నగా ఉందో నాకు ఆ లెక్క వేసినప్పుడే తెలిసింది. భివండికీ సిరిసిల్లకూ దూరం ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు పైన కాస్త. చిటికెన వేలి గోరు వెడల్పు. ఆ గోరు వెడల్పు దాటడానికి మా బాపు 1950ల్లో మూడు రోజులు పట్టిందని చెప్పేవాడు.

ఇప్పుడు దారాల పటం గురించి. ఇక్కడే నేను ముందు చెప్పిన కథ మళ్ళీ వస్తుంది.

ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి మా ఆదివారం క్లాసుకు వస్తుంది. ఒకసారి ఆమెను తీసుకుపోవడానికి తండ్రి వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. గోనెసంచి పిల్లవాడు. ఇప్పుడు నలభై ఏళ్ళు, ఒక కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మేస్త్రీ. అతను నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు, నేను అడగలేదు. ఆ రోజు మేము చెక్క చట్రానికి మేకులు కొట్టి దారాలతో భారతదేశం మీద గళ్ళు వేస్తున్నాం. దేశం 8 డిగ్రీల నుండి 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, 68 నుండి 97 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా ఉంది కదా, డిగ్రీకి ఒక మేకు. నా దారాలు వదులై వేలాడుతున్నాయి. అతను గుమ్మంలోనే నిలబడి కొంతసేపు చూశాడు. ఇక ఉండబట్టలేక అన్నాడు: "గట్ల కాదు కాకా. ముందుగాల పడుగు మొత్తం గట్టిగ లాగి కట్టాలె. తర్వాత పేక ఒకటి మీదికెళ్ళి ఒకటి కిందికెళ్ళి తీస్తే కదలది."

చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. అరగంటలో చట్రం బిగుసుకుంది, మీటితే మోగింది. రేఖాంశాలు పడుగు, అక్షాంశాలు పేక. నేను నాలుగు వారాలుగా పిల్లలకు ఏది నిలువో ఏది అడ్డమో బట్టీ పట్టిస్తున్నాను. ఆ రోజు నుండి ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. సాలెల ఇంట్లో పుట్టిన పిల్లలకు ఆ మాట ముందే చెప్పాల్సింది, నాకే తట్టలేదు.

అతని కూతురు అప్పుడొక ప్రశ్న వేసింది. "బాపూ, నిలువు 29 గళ్ళు, అడ్డం 29 గళ్ళు. మరి పుస్తకంలో నిలువు 3214 కిలోమీటర్లు, అడ్డం 2933 అని ఉంది. ఎందుకు తక్కువ?" అతను నా వైపు చూశాడు, నేను గ్లోబు వైపు చూశాను. గ్లోబు మీద దారం పెట్టి కొలిపించాను. భూమధ్యరేఖ దగ్గర ఐదు డిగ్రీలు ఒక సెంటీమీటరు, పైకి పోయేకొద్దీ అదే ఐదు డిగ్రీలు చిన్నదవుతూ ధ్రువం దగ్గర సున్నా. అతను వెంటనే అన్నాడు, "అంటే పైకి పోయినకొద్ది పడుగు దగ్గరికి రావాలె. మన చట్రం తప్పు." నిజమే. మొత్తం విప్పి, పై చట్రంలో మేకులు దగ్గర దగ్గరగా కొట్టి మళ్ళీ నేశాడు. ఆ చట్రం ఇప్పుడు ఆ గోడకే వేలాడుతోంది, వెళ్ళేటప్పుడు చూడండి.

రెండు వారాల తరువాత ఆదివారం అతను ఒక చుట్ట పట్టుకొని వచ్చాడు. మీరు ఊహించినట్టుగా పాత గోనెసంచి కాదు, అది ఎప్పుడో పోయిందట. కొత్తది, కూతురు కుట్టింది. దారి భివండి నుండి సిరిసిల్ల దాకా, మట్టి నిరుడు ఎండాకాలం ఊరికి పోయినప్పుడు దారిలో సీసాల్లో పట్టుకొచ్చింది. ఘాటు పైన నల్ల రాయి, నల్లరేగడి. అది లావా గడ్డకట్టి అయిన రాయి, ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందటిది. కరీంనగర్ దగ్గర గ్రానైటు, దాని మీద ఎర్ర చెల్క. రెండు రాళ్ళూ పక్కపక్కన పెడితే మనం ఒక్క రాత్రి బస్సులో ఏ రాయి మీది నుండి ఏ రాయి మీదికి పోయామో చేతితో తడిమి తెలుసుకోవచ్చు. ఈసారి దాన్ని బల్ల మీదే పెట్టాం. మట్టి రాలింది, ఊడ్చుకున్నాం.

ఇట్లాంటి పని మనమే కనిపెట్టినట్టు నేను గొప్పలు పోవడం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బడులు కూలిపోయిన దేశాల టీచర్ల కోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. డబ్బాలు, సీసాలు, తీగలతో సామాను చేసుకోవడం ఎట్లాగో అందులో ఉంది. అదే పెరిగి 1956లో పెద్ద పుస్తకమైంది. మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లా బడుల్లో ఇట్లాంటి పద్ధతి మొదలైంది. ఐఐటీ కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా గారు పుణెలో టెల్కో ఉద్యోగంలో ఉండగా 1978లో అక్కడికి పోయి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులో కూడా దొరుకుతాయి. తెలుగు మీడియం పిల్లలకు మన మహారాష్ట్ర బాలభారతి వాళ్ళే పాఠ్యపుస్తకాలు తెలుగులో వేస్తున్నారు, కాబట్టి భాష వల్ల ఆగాల్సిన పని లేదు.

ఎండతో చేసే పాఠానికి పైసా ఖర్చు లేదు. మే నెల మధ్యలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. మన దగ్గర అది పన్నెండున్నర దాటాక. డాబా మీద ఖాళీ కండె నిలబెడితే దానికి నీడ ఉండదు. పన్నెండుకు ఎందుకు రాదంటే, మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ పక్క నుండి పోతుంది. మనం 73 మీద ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాలు ఆలస్యం. సిరిసిల్లకూ మనకూ తేడా 23 నిమిషాలు. దీన్ని నమ్మని ఒక పిల్లవాడు సాయంత్రం డాబా ఎక్కి ఊళ్ళో నాయనమ్మకు ఫోన్ చేశాడు. "నాయనమ్మా, పొద్దు గూకిందా?" "ఎప్పుడో గూకింది, దీపం పెట్టిన బిడ్డా." ఇక్కడ సూర్యుడు ఇంకా కనబడుతున్నాడు. ఆమె ఆ తరువాత రోజూ ఆ వేళకు ఫోన్ కోసం ఎదురుచూస్తోందని వాళ్ళ అమ్మ చెప్పింది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. బజారులో రెడీమేడ్ మోడళ్ళు ఇప్పుడు ఐదారు వందలు చెబుతున్నారు. థర్మోకోల్ అలంకరణ సామానును మన రాష్ట్రంలో 2018లో నిషేధించారు, 2022 జూలై 1 నుండి దేశమంతా నిషేధమే. అయినా లోపలి నుండి తీసి ఇచ్చే దుకాణాలున్నాయి. ఆ డబ్బుతో ఒక మంచి అట్లాసు కొనండి. నేను పొదుపు మనిషినే, కానీ అట్లాసు దగ్గర పొదుపు చేయవద్దు. సరిహద్దులు, కొలతలు చేతికి వచ్చినట్టు గీయకూడదు, సర్వే ఆఫ్ ఇండియా పటం ప్రకారం ఉన్నదాన్నే దించుకోవాలి. ఇంకొకటి, పిల్లలను కోన్లు, కండెల కోసం నడుస్తున్న సాంచాల దగ్గరికి పంపకండి. పెద్దవాళ్ళే తెచ్చి ఇవ్వండి. బ్లేడు పని ఆరో తరగతి లోపు పిల్లలకు ఇవ్వకండి.

ట్రస్టు పెద్దలకు ఒక విన్నపం, కోపగించుకోకపోతే. మనం మార్కుల లిస్టు చూసి స్కాలర్‌షిప్పు ఇస్తున్నాం. అది తీసేయమని అనను. కానీ ఏడాదికి ఒక్క ఆదివారం ఈ హాల్లోనే పిల్లలు చేసినవి పెట్టిద్దాం. బహుమతి ఇచ్చే ముందు ఒక్క నియమం పెడదాం. చేసినవాళ్ళు దాని గురించి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, కొన్నది అయితే పోటీలో లేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు టీచరు ఉంటారు, ఒకరు సాంచాల మీద పనిచేసేవాళ్ళు ఉండాలి. ఖర్చు లెక్క నేను రాసి ఉంచాను. ఇప్పటి దాకా నాలుగేళ్ళలో మొత్తం 3,140 రూపాయలు, అందులో 1,200 అట్లాసులకే. రసీదులన్నీ ఫైల్లో ఉన్నాయి.

వచ్చే ఆదివారం నుండి కొత్త పని మొదలుపెడుతున్నాం. మాహులి కొండను సమోన్నత రేఖల ప్రకారం అట్టలతో కట్టడం. పొద్దున తొమ్మిదికి రండి. ఐదు పొరల అట్టపెట్టెలు తడవనివి, ఒక గిన్నె, పాత దినపత్రికలు, గుప్పెడు మెంతులు తెచ్చుకోండి. రాత్రి పాళీ దిగి వచ్చే తండ్రులు నిద్రపోయి పదకొండుకు వచ్చినా ఫరవాలేదు, కొండ అప్పటికి సగం కూడా లేవదు.